బజారు రోడ్డుపై పాదచారికి, సైకిలిస్టుకు చోటు దక్కాలంటే..

నగర శివార్లలోని ప్రధాన రహదారి ఒకేసారి రెండు పనులు చేస్తుంది. దూర ప్రాంతాలకు వెళ్లే బస్సులకు, లారీలకు అది రహదారి. ఇరువైపులా విస్తరించిన కాలనీలకు అదే బజారు. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, మియాపూర్, చందానగర్ మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారి ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. వస్త్ర దుకాణాలు, ఆస్పత్రులు, కోచింగ్ కేంద్రాలు, బస్టాపులు అన్నీ దాని అంచునే ఉన్నాయి. 2017 నవంబరు నుంచి మియాపూర్, కూకట్‌పల్లి మీదుగా మెట్రో కూడా నడుస్తోంది. మెట్రో దిగిన ప్రయాణికుడు మరుక్షణమే పాదచారి అవుతాడు. కానీ ఇలాంటి రోడ్లను ప్రధానంగా వాహనాల వేగాన్ని దృష్టిలో ఉంచుకునే నిర్మిస్తున్నారు.

దీని మూల్యం చిన్నది కాదు. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 32,825 మంది పాదచారులే. అంటే రోజుకు సగటున 90 మంది. మరోవైపు, వ్యవసాయేతర పనులకు వెళ్లేవారిలో మూడింట ఒక వంతుకు పైగా నడిచి లేదా సైకిల్‌పై వెళ్తున్నారని 2011 జనగణన తేల్చింది.

ముందుగా వేగం

పాదచారి బతకడం, బతకకపోవడం చాలావరకు ఢీకొన్న వాహనం వేగంపైనే ఆధారపడి ఉంటుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే 65 కిలోమీటర్ల వేగంతో కారు ఢీకొన్నప్పుడు మరణించే ముప్పు నాలుగున్నర రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాదచారులు, సైకిలిస్టులు, వాహనాలు కలిసి సాగే చోట గరిష్ఠ వేగం 30 కిలోమీటర్లు ఉండాలని 2020 నాటి స్టాక్‌హోమ్ ప్రకటన సూచించింది.

అయితే బోర్డు పెట్టినంత మాత్రాన వేగం తగ్గదు. విశాలంగా కనిపించే రోడ్డే డ్రైవరును వేగానికి పురిగొల్పుతుంది. మూడున్నర మీటర్ల వెడల్పున్న వరుసలను మూడు మీటర్ల వరకు కుదించడం, మలుపుల వద్ద మూలలను ఇరుకు చేయడం, క్రాసింగ్‌ను కాలిబాట ఎత్తుకు లేపడం వంటి మార్పులతో వాహనం దానంతటదే నెమ్మదిస్తుంది. బస్సులు నడిచే వరుసను మాత్రం కొంత వెడల్పుగా ఉంచాలి.

దాటడం, నడవడం

పాదచారుల వంతెనలు కట్టినా చాలామంది వాటిని వాడరు. వృద్ధులకు, సామాను మోసేవారికి, చంటిబిడ్డల తల్లులకు మెట్లు ఎక్కి దిగడం కష్టం. అందుకే బస్టాపులకు, మార్కెట్లకు దగ్గరగా నేలమీదే సురక్షిత క్రాసింగ్‌లు ఉండాలి. సిగ్నల్ సమయాన్ని లెక్కించి నిర్ణయించాలి. సెకనుకు 1.2 మీటర్లు నడిచే వ్యక్తికి 24 మీటర్ల రోడ్డు దాటడానికి 20 సెకన్లు చాలు. సెకనుకు 0.8 మీటర్లు నడిచే వృద్ధురాలికి 30 సెకన్లు కావాలి. అంత సమయం ఇవ్వలేనప్పుడు రోడ్డు మధ్యలో నిలబడేందుకు రక్షణ ఉన్న చోటు తప్పనిసరి.

కాలిబాటపై నడవడానికి కనీసం 1.8 మీటర్ల ఖాళీ వెడల్పు ఉండాలని, వాణిజ్య ప్రాంతాల్లో అది మరింత పెరగాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాలిబాట ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. అంతకంటే ఎత్తుగా ఉండి, ప్రతి దుకాణం ముందు తెగిపోతే జనం రోడ్డు మీదకే దిగుతారు. ట్రాన్స్‌ఫార్మర్లు, స్తంభాలు నడిచే దారిలో అడ్డు రాకూడదు. బెంగళూరులో టెండర్‌ష్యూర్ పద్ధతిలో పునర్నిర్మించిన రోడ్లలో తీగలను, పైపులను కాలిబాటల కింద ప్రత్యేక మార్గాల్లోకి మళ్లించారు. పదేపదే తవ్వే పని తప్పాలన్నది దీని ఉద్దేశం.

సైకిల్ దారి ఎక్కడ?

హైదరాబాద్ బాహ్య వలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల సౌర పలకల సైకిల్ మార్గాన్ని 2023లో ప్రారంభించారు. వ్యాయామానికి అది బాగానే ఉపయోగపడుతుంది. కానీ దుకాణంలో పనికి వెళ్లే కార్మికుడికి, పాలు వేసే మనిషికి సైకిల్ దారి కావలసింది బజారు రోడ్డులోనే. తెల్ల గీత గీసి వదిలేస్తే అది వారం తిరగకముందే పార్కింగ్ స్థలమవుతుంది. కాబట్టి రాతి అంచుతో వేరుచేసిన దారి అవసరం. బస్టాపు వద్ద సైకిల్ దారి స్టాపు వెనుక నుంచి సాగితే బస్సుకు, సైకిల్‌కు మధ్య ఘర్షణ తగ్గుతుంది. ద్విచక్ర వాహనాలు చొరబడకుండా నిలువు స్తంభాలు నాటినా, వాటి మధ్య చక్రాల కుర్చీ వెళ్లేంత ఎడం ఉంచాలి. దిల్లీలో 2008లో మొదలైన బీఆర్‌టీ మార్గంలో సైకిళ్లకు వేరే దారి కల్పించినా మోటారు సైకిళ్లు అందులోకి చొరబడ్డాయి. 2016లో ఆ మార్గాన్నే తొలగించారు. నిర్మాణంతోపాటు నిత్య పర్యవేక్షణ కూడా అవసరమని ఆ అనుభవం నేర్పింది.

వ్యాపారుల ఆందోళన

పార్కింగ్ తీసేస్తే గిరాకీ పోతుందన్నది దుకాణదారుల ప్రధాన అభ్యంతరం. ఈ భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సరుకు దించే లారీలకు నిర్ణీత సమయాలు, పక్క వీధుల్లో రుసుముతో కూడిన పార్కింగ్ ముందే ఏర్పాటు చేయాలి. అయితే కారు నిలిపే చోటు పోయినంత మాత్రాన కొనుగోలుదారుడు పోతాడని లేదు. కెనడాలోని టొరంటో నగరంలో బ్లూర్ వీధిలో 2016లో సైకిల్ దారులు వేసిన తర్వాత కొనుగోలుదారుల రాకపోకలు, ఖర్చు పెరిగాయని అధ్యయనంలో తేలింది. చెన్నైలో రద్దీకి పేరొందిన పాండీ బజారులోనూ 2019లో పాదచారుల ప్రాంగణం ప్రారంభమైంది.

తోపుడు బండ్లవారిని తరిమేయడం కూడా పరిష్కారం కాదు. 2014 నాటి వీధి విక్రేతల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది విక్రేతల ప్రతినిధులే ఉండాలి. వారితో చర్చించి, నడిచే దారికి అడ్డం రాని చోటును గుర్తించి కేటాయించాలి.

చట్టం ఏమంటోంది

అడ్డంకులు లేని కాలిబాట పొందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద హక్కేనని సుప్రీంకోర్టు 2025 మే నెలలో స్పష్టం చేసింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 198ఏ సెక్షన్ ప్రకారం, ప్రమాణాలు పాటించని రోడ్డు వల్ల మరణం లేదా వైకల్యం సంభవిస్తే బాధ్యులైన సంస్థకు, గుత్తేదారుకు లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

ఆచరణలో చిక్కు మరోచోట ఉంది. జాతీయ రహదారి ఒక సంస్థది, కాలిబాట నగరపాలికది, సిగ్నల్ పోలీసులది, స్తంభం విద్యుత్ సంస్థది. ఒకరి పని మరొకరికి అడ్డం వస్తుంది. ముందుగా రెండు కిలోమీటర్ల భాగాన్ని ఎంచుకుని, ఈ శాఖలన్నీ ఒకే పటంపై సంతకం చేసి, ఏడాదిపాటు ప్రమాదాలను, వ్యాపారాన్ని లెక్కగడితే మిగతా రోడ్డుకు దారి తెలుస్తుంది. వంద కోట్ల వంతెనకన్నా ముందు చేయదగిన పని ఇదే.