ఎక్సురే చిత్రమునకు వెల యెంత?



అమెరికాలోని కుమారుని యింట నాలుగు మాసములుండి రావలెనని వెళ్లిన తల్లి యొకామె, శీతకాలమున గుమ్మము ముందరి మంచుపై జాఱి, చేయి నేల కానించి పడినదనుకొందము. మణికట్టు వాచినది. కుమారు డామెను దగ్గఱి వైద్యశాలకు గొనిపోయెను. అచ్చట మూడు ఎక్సురే చిత్రములు తీసి, ఎముక విఱుగలేదని చెప్పి, కట్టు కట్టి పంపిరి. చిత్రములు తీయుటకు పది నిమిషములైనను పట్టలేదు. ఇల్లు చేరిన పిమ్మట ఆమె “ఎంతయిందిరా నాయనా?” అని యడిగినది. “ఇప్పుడే తెలియదమ్మా, నెలకో రెండు నెలలకో తపాలాలో వస్తుంది” అని యతడు చెప్పెను. వంకాయలనైనను వెల యడుగక బుట్టలో వేసికొనని యామె కీ మాట యెంతమాత్రమును బోధపడలేదు.

మన పట్టణములలో గుమాస్తా మొదట వెల చెప్పి, రొక్కము పుచ్చుకొని, రసీదిచ్చి, ఆమీద రోగిని లోనికి పంపుట వాడుక. అమెరికాలో ఈ వరుస తలక్రిందులైనది. మన బిడ్డలనేకులు అచ్చట కాపురములు చేయుచున్నారు గనుక, ఈ లెక్క యెట్లు పుట్టునో తెలిసికొనుట వ్యర్థము కాదు.

ఈ కిరణములను 1895లో కనుగొనిన రాంట్‌జెన్ పండితుడు వానికి పేటెంటు పుచ్చుకొనలేదు. కావున కిరణమునకు వెల లేదు. వెల యంతయు యంత్రమునకు, దానిని నడుపువారికి, చిత్రమును చదువువారికి, లెక్కలు వ్రాయువారికిని. అందు రెండు భాగములు ముఖ్యములు. చిత్రము తీసినందులకు వైద్యశాల యొక బిల్లు పంపును. ఆ చిత్రమును చూచి అభిప్రాయము వ్రాసిన రేడియాలజిస్టు అనెడి వైద్యుడు పెక్కుచోట్ల వేఱుగా మఱియొక బిల్లు పంపును. రోగి యాయన ముఖమైనను చూచియుండడు. అందుచేత రెండవ బిల్లు వచ్చినప్పుడు, ఇది మోసమేమో యని పలువురు దానిని ప్రక్కన పెట్టుదురు. అది మోసము కాదు. ఇక వెళ్లినది అత్యవసర విభాగమైనచో, అందు ప్రవేశించినందులకే మఱియొక రుసుము చేరును. అది చిత్రపు వెలకంటె హెచ్చుగా నుండుట కలదు.

ఇప్పుడు అసలు చిక్కునకు వత్తము. ఒకే వైద్యశాలలో, ఒకే యంత్రముపై తీసిన ఒకే చిత్రమునకు వెల యొకటి కాదు. వైద్యశాలవారు తమ పట్టికలో వ్రాసికొనిన వెల యొకటి. ఒక్కొక్క బీమా సంఘముతో బేరమాడి యొప్పుకొనిన వెల వేఱొకటి. సంఘములెన్నో ఆ వెలలన్ని. బీమా లేక రొక్కమిచ్చువారికి తగ్గించిన వెల యింకొకటి. లెక్క తేలికగా నుండుటకై నేను కల్పించిన సంఖ్యలు చెప్పెదను. పట్టిక వెల 400 డాలర్లు, బీమా సంఘపు వెల 180, రొక్కపు వెల 120 అనుకొందము.

బీమా కలవాడు 180 డాలర్లను సంఘమే చెల్లించునని తలచును. అట్లు కాదు. డిడక్టిబుల్ అని యొక మొత్తము కలదు. ఏటేట అంత సొమ్ము రోగి తన చేతినుండి వ్యయము చేసినగాని సంఘము తన సంచి విప్పదు. అది 1,500 డాలర్లయి, ఆ సంవత్సరము అతడింకను ఏ వైద్యమును చేయించుకొని యుండకపోయినచో, 180 డాలర్లును అతడే యియ్యవలెను. డిడక్టిబుల్ తీరిన పిమ్మట నూటికి ఇరువది వంతున అతని పాలు అనుకొన్నచో, అదే చిత్రమునకు 36 డాలర్లు చాలును. అనగా జనవరిలో పడినవానికిని డిసెంబరులో పడినవానికిని ఒకే బీమా క్రింద వేఱువేఱు వెలలు కావచ్చును.

ఇందొక వింత కలదు. బీమా చీటి చూపినవాడు 180 ఇచ్చుచుండగా, చీటి లేనివాడు 120 ఇచ్చి పోవుచున్నాడు. అట్లయిన బీమా కలవాడును రొక్కమే యిచ్చిన మేలుగదా యందురేమో. ఒక్కొక్కప్పుడు మేలే. కాని అట్లిచ్చిన సొమ్ము సాధారణముగా డిడక్టిబుల్ లెక్కలో జమపడదు. ఆ యేడు శస్త్రచికిత్స వంటి పెద్ద వ్యయమేదైన రానున్నదని తెలిసినవారు బీమా ద్వారా పోవుటయే మంచిదని నా యభిప్రాయము. ఆరోగ్యవంతుడై, ఏడాది కొక్క చిత్రముతో సరిపుచ్చుకొనువాడు రెండు వెలలు నడిగి తక్కువదాని నేరుకొనవచ్చును.

అడిగిన చెప్పుదురా యను సందేహము కలుగవచ్చును. 2021 జనవరి 1 నుండి వైద్యశాలలు తమ వెలలను, రొక్కపు వెలతో సహా, ప్రకటింపవలెనని అచ్చట శాసనము నడచుచున్నది. తప్పక చూపవలసిన వానిలో నడుమునకు తీయు ఎక్సురే యొకటి. 2022 నుండి మఱియొక చట్టము వచ్చినది. బీమా లేనివారును, బీమా నుపయోగింపనివారును ముందుగా దినము నిర్ణయించుకొనిన పరీక్షకు వ్రాతమూలముగా అంచనా పొందుటకు హక్కు కలదు. వచ్చిన బిల్లు ఆ అంచనాకంటె 400 డాలర్లుగాని అంతకు మించిగాని హెచ్చినచో, 120 దినములలో ఆక్షేపణ తెలుపవచ్చును. అంచనా కాగితము పాఱవేసినవానికి ఈ దారి కష్టము.

కాని గుండెనొప్పియో తలకు దెబ్బయో తగిలినవాడు వెలల పట్టిక వెదకుచు కూర్చుండరాదు. 1986 నాటి శాసనము ననుసరించి, అత్యవసర విభాగమువారు సొమ్ము మాట యెత్తక ముందుగానే రోగిని పరీక్షించి, ప్రాణాపాయము తప్పింపవలసి యున్నది. బేరము మణికట్టువాపు వంటివానికే. అట్టివానికి పెద్ద వైద్యశాలకంటె, చిత్రములు మాత్రమే తీయు ప్రత్యేక కేంద్రములలో వెల తఱచుగా తక్కువ.

మన తల్లి సంగతి మఱచితిమి. ఆమెకు అచ్చటి వృద్ధుల ప్రభుత్వ బీమా వర్తింపదు. చూచిపోవ వచ్చినవారి కది లేదు. ప్రయాణమునకు ముందు కుమారుడు కొన్న సందర్శకుల బీమాయే గతి. వానిలో పెక్కింటికి డిడక్టిబుల్ కలదు. పూర్వమునుండి యున్న రోగములకు సామాన్యముగా వర్తింపవు. కొనునాడే ఈ రెండు నియమములు చదువవలెను. బీమా సంఘము పంపు వివరణపత్రముపై “ఇది బిల్లు కాదు” అని యుండును. దానిని చూచి సొమ్ము పంపరాదు. బిల్లు వచ్చువఱకు ఆగి, రెంటిలోని సంఖ్యలను సరిపోల్చి, తేడా యున్న ఫోనులో అడుగవలెను. బిల్లు భరింపరానిదైనచో, ధర్మసంస్థలుగా నడచు వైద్యశాలలు పేదవారికి తగ్గింపు నియమములు వ్రాసి యుంచవలెనని 2010 నాటి చట్టము కలదు. దరఖాస్తు కాగితము అడిగిన ఇత్తురు.

వైద్యశాల విడుచునపుడు చిత్రముల నకలు అడిగి తెచ్చుకొనుట యామె హక్కు. నొప్పి తగ్గక గుంటూరు వచ్చి మఱియొక వైద్యునికి చూపవలసి వచ్చినపుడు, ఆ నకలు చేతనున్నచో ఆయన క్రొత్త చిత్రమునకు పంపక దానినే మొదట చూడగలడు.