జప్తు కాని డబ్బుకు తాళం పడితే

అమెరికాలో జబ్బుచేసి పని మానుకున్న మనిషికి జీతం రోజు బుధవారం. సాధారణంగా పుట్టిన తేదీ 1 నుంచి 10 లోపైతే నెలలో రెండో బుధవారం, 20 లోపైతే మూడోది, ఆపైన నాలుగోది. ఆ పూట ఫెడరల్ ప్రభుత్వ పథకమైన సోషల్ సెక్యూరిటీ నుంచి డిజబిలిటీ భత్యం నేరుగా బ్యాంకులో పడుతుంది. అద్దె, మందులు, కరెంటు బిల్లు అన్నీ ఆ బుధవారం మీదే ఆధారపడి ఉంటాయి.

అలాంటి ఒక బుధవారం డబ్బు పడింది, మందుల షాపులో కార్డు మాత్రం పనిచేయలేదు. బ్యాంకుకు ఫోన్ చేస్తే, పదేళ్ల కిందట ఉద్యోగం చేసిన రాష్ట్రం పన్ను బకాయి కింద ఖాతాను ఆపమందని తెలిసింది. ఎగ్గొట్టాలని ఎగ్గొట్టిన పన్ను కాదు. ఆస్పత్రి పాలైన ఏడాది రిటర్ను వేయలేదు. రాష్ట్రమే ఒక అంచనా వేసి, జరిమానా కలిపి, వడ్డీ కట్టి, పాత చిరునామాకు నోటీసులు పంపుతూ వచ్చింది. ఈ చిక్కులో పడినవాళ్లలో చాలామందిది ఇదే వరస.

మంచాన పడ్డ మనిషి భత్యాన్ని రాష్ట్రం తీసుకోవచ్చా? చట్టాన్ని అడిగితే ఒక్కటే మాట: కుదరదు. 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టంలో, నేడు 207వ సెక్షన్‌గా ఉన్న నిబంధన ప్రకారం ఈ డబ్బును జప్తు చేయడానికి, అటాచ్ చేయడానికి, మరే న్యాయ ప్రక్రియ ద్వారానైనా లాక్కోవడానికి వీల్లేదు. 1956లో డిజబిలిటీ బీమా వచ్చినప్పుడు అదీ ఇదే గొడుగు కిందికి చేరింది. నిరుపేద వృద్ధులకు, దివ్యాంగులకు 1974 నుంచి ఇస్తున్న ఎస్‌ఎస్‌ఐకి కూడా ఈ రక్షణ ఉంది.

రాష్ట్ర ప్రభుత్వాలు ఈ మాటను అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. అప్పులవాళ్లకు వర్తించేది మాకెలా వర్తిస్తుందన్నది వాటి వాదన. అది తేలింది న్యూజెర్సీ నుంచి వచ్చిన ఒక కేసులో. మనవాళ్ల ఎడిసన్‌కు ఎంతో దూరం లేని నెవార్క్ నగరం ఉన్న ఎసెక్స్ కౌంటీ సంక్షేమ బోర్డు ఒక దివ్యాంగుడికి నెలనెలా సాయం చేసింది. తర్వాత డబ్బొస్తే తిరిగి కట్టాలని ముందే సంతకం పెట్టించుకుంది. కొన్నాళ్లకు ఆయనకు ఫెడరల్ డిజబిలిటీ మంజూరై, పాత నెలల బాకీ ఒకేసారి 1,864 డాలర్ల 20 సెంట్లు బ్యాంకులో పడింది. బోర్డు కోర్టుకెక్కింది. న్యూజెర్సీ సుప్రీంకోర్టు బోర్డు వైపే మొగ్గింది. 1973 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును ఏకగ్రీవంగా కొట్టేసింది. జస్టిస్ డగ్లస్ రాసిన తీర్పు సారాంశం: చట్టం ఎవరినీ మినహాయించలేదు, రాష్ట్రాన్నీ మినహాయించలేదు, బ్యాంకులో పడినంత మాత్రాన ఆ డబ్బుకు రక్షణ పోదు. 1988లో ఖైదీల భత్యం మీద కన్నేసిన అర్కాన్సాస్ రాష్ట్రానికీ అదే కోర్టులో ఇలాంటి సమాధానమే దొరికింది.

చట్టం ఇంత గట్టిగా ఉంటే కార్డు ఎందుకు ఆగింది? తాళం పడేది చట్టంలో కాదు, బ్యాంకు కంప్యూటర్‌లో. మామూలు అప్పులవాడైతే ముందు కోర్టులో గెలవాలి. పన్నుల శాఖకు చాలాచోట్ల ఆ అవసరం లేదు, తానే ఉత్తర్వు రాసి బ్యాంకుకు పంపగలదు. ఒకప్పుడు ఉత్తర్వు రాగానే బ్యాంకులు ఖాతా మొత్తం ఆపేసేవి. ఇది జప్తు కాని డబ్బు మహాప్రభో అని నిరూపించుకునే భారం రోగి మీద పడేది.

2011 మే 1 నుంచి ఫెడరల్ ట్రెజరీ నిబంధన వచ్చి ఇది కొంత మారింది. భత్యం డిపాజిట్ అయినప్పుడు దాని ఎలక్ట్రానిక్ రికార్డులో రెండు 'ఎక్స్' అక్షరాలు చేరుస్తారు. ఖాతాదారుకు ఆ అక్షరాలు కనిపించవు, బ్యాంకు కంప్యూటర్‌కు కనిపిస్తాయి. జప్తు ఉత్తర్వు వస్తే బ్యాంకు వెనక్కి రెండు నెలలు చూడాలి. ఆ గుర్తుతో పడిన సొమ్మంతా కూడి, ఆ మేరకు ఎవరూ అడగకుండానే ఖాతాదారుకు వదిలేయాలి. 2013లో ఈ నిబంధనను సవరించి, రాష్ట్ర శాఖలూ నగరపాలక సంస్థలూ స్వయంగా జారీచేసే ఉత్తర్వులను కూడా ఇందులోకి తెచ్చారు. పన్ను బకాయిలవాళ్లకు ఊరటనిచ్చింది ఈ సవరణే.

ఇక చిక్కంతా ఆ రెండు నెలల గడువులోనే. నెలకు 1,600 డాలర్లు వచ్చే మనిషిని తీసుకోండి. రెండు నెలలకు 3,200. అంతవరకు ఢోకా లేదు. కానీ డిజబిలిటీ మంజూరు కావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది కనుక పాత బాకీ ఒక్కసారిగా వస్తుంది. ఐదు నెలల కిందట అలా వచ్చిన సొమ్ములో కొంత దాచుకున్నందువల్ల ఖాతాలో మొత్తం 10,000 ఉన్నాయనుకుందాం. 3,200 పోను మిగిలిన 6,800 ఆగిపోతాయి. సుప్రీంకోర్టు 1973లో కాపాడింది సరిగ్గా ఇలాంటి డబ్బునే! హక్కు చెక్కు చెదరలేదు, కానీ కాగితాలు పట్టుకుని దాన్ని నిరూపించుకోవాల్సింది మాత్రం నడవలేని మనిషి. దుబారా చేసినవాడికి ఏ బాధా లేదు, పొదుపు చేసినవాడికే శిక్ష. వడ్డీ కోసం సేవింగ్స్ ఖాతాలోకి మార్చుకుంటే ఆ కొత్త ఖాతాలో 'ఎక్స్' గుర్తే ఉండదు, ఆటోమేటిక్ రక్షణ మొత్తం పోతుంది. భార్య జీతమూ భర్త డిజబిలిటీ డబ్బూ ఒకే జాయింట్ ఖాతాలో కలిస్తే ఏది ఎవరిదో తేల్చడం మరో తలనొప్పి.

రాష్ట్రాలకు ఇన్ని అడ్డుకట్టలు వేసిన వాషింగ్టన్ తన చేతులు మాత్రం కట్టేసుకోలేదు. ఫెడరల్ పన్ను బకాయి ఉంటే ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్ఎస్ సోషల్ సెక్యూరిటీ చెల్లింపుల నుంచి నెలకు 15 శాతం కోసుకునే పద్ధతి ఉంది. 2015 అక్టోబరు నుంచి డిజబిలిటీ బీమా చెల్లింపులను ఆ ఆటోమేటిక్ కోత నుంచి తప్పించారు. ఎస్‌ఎస్‌ఐ జోలికి అది రాదు. పిల్లల పోషణ, భరణం బకాయిలకు డిజబిలిటీ బీమా నుంచి కోయవచ్చు, అందులో నాకు అభ్యంతరం కనిపించదు. ఫెడరల్ విద్యారుణంలాంటి బాకీల సంగతే వేరు. 1996 చట్టం వాటికి ఏడాదికి 9,000 డాలర్లు, అంటే నెలకు 750, వదిలేసి ఆపైన కోతకు అనుమతించింది. ఆనాడు ఒంటరి మనిషికి అధికారిక పేదరిక రేఖ 7,740 డాలర్లు. 2025లో అది 15,650. ఆ 9,000 మాత్రం అక్కడే ఉంది.

భత్యం దక్కినంత మాత్రాన రాష్ట్ర బకాయి మాఫీ అయినట్టు కాదు. వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఇంటి మీద లియన్ (బాకీ హక్కు) పెట్టవచ్చు. ఇంకా ఆ రాష్ట్రంలోనే ఉంటూ ఫెడరల్ పన్ను రీఫండ్ వచ్చేదుంటే రాష్ట్రం దాన్ని మళ్లించుకోవచ్చు. కాలిఫోర్నియాకైతే వసూలు గడువు 20 ఏళ్లు. కంపెనీ ద్వారా తీసుకున్న ప్రైవేటు డిజబిలిటీ బీమా సొమ్ముకు 207వ సెక్షన్ వర్తించదు, దాని రక్షణ ఎంతన్నది ఆయా రాష్ట్ర చట్టాలను బట్టి ఉంటుంది.

మనవాళ్లకు ఇందులో పనేముంది అనుకోవద్దు. హెచ్‌1బీ వీసా మీద ఉన్నవారి జీతంలోంచీ సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం కోస్తారు. 31 ఏళ్లు దాటినవారు చివరి పదేళ్లలో సుమారు ఐదేళ్లు పనిచేసి, మిగతా అర్హతలూ ఉంటే డిజబిలిటీకి అడగవచ్చు. పైగా కన్సల్టింగ్ ఉద్యోగాల్లో ఎనిమిది నెలలు న్యూజెర్సీ, ఆ తర్వాత డల్లాస్ అన్నట్టు సాగుతుంది బతుకు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు కనుక, వదిలొచ్చిన రాష్ట్రానికి ఆ ఎనిమిది నెలల రిటర్ను వేయాలన్న సంగతి మరిచిపోవడం సులువు. అది బయటపడేసరికి ఆరోగ్యం ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు!

కాబట్టి అమెరికాలో ఉన్న మన పాఠకులు, వారి పిల్లలు ఒక పని చేయాలి. ఇంట్లో ఎవరికైనా డిజబిలిటీ వస్తుంటే దానికోసం విడిగా ఒక ఖాతా తెరవండి. వేరే డబ్బు అందులో కలపకండి, అందులోది వేరే ఖాతాకు మార్చకండి. సోషల్ సెక్యూరిటీ మంజూరు పత్రం, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒక ఫైలులో ఉంచండి. రాష్ట్ర పన్నుల శాఖ నుంచి కవరు వస్తే విప్పి చూడండి, ఆదాయమంతా డిజబిలిటీయేనని రాతపూర్వకంగా చెప్పండి. వాయిదాలు కడతానని భయంతో ఒప్పుకునేముందు ఉచిత న్యాయ సహాయ కేంద్రం వాళ్లను అడగండి. ఖాతా ఆపినట్టు కబురొస్తే ఆ రోజే మినహాయింపు దరఖాస్తు పెట్టండి. దానికి ఉండే గడువు చాలా తక్కువ.