పాల వ్యాను దారిలో ఆగితే భారం డ్రైవరు ఒక్కడిదేనా?

సంఘంలో పాలు పోసి, వెన్న శాతం చూసుకుని, చీటీ జేబులో పెట్టుకున్న తరువాత మన పని అయిపోయిందని అనుకుంటాం. కాని పాల ప్రయాణం అప్పుడే మొదలవుతుంది. సంఘం నుంచి శీతల కేంద్రం చేరేదాకా ఆ పాలు డ్రైవరు చేతిలో వుంటాయి. ఆ దారిలో ఏదో ఒక మలుపు దగ్గర వ్యానును ఆపి, కాగితాలు చూసినట్లు చూసి, "టీ ఖర్చులు" అడిగే అలవాటు కొన్నిచోట్ల వున్నది. దీనికి మామూలు అని పేరు. ఇది అందరికీ తెలిసిన సంగతే అయినా సంఘ సమావేశాల్లో ఎవరూ ఎత్తరు. డ్రైవరుకూ పోలీసుకూ మధ్య వ్యవహారమని వదిలేస్తాం. అది పొరపాటని, ఆ డబ్బూ ఆ నష్టమూ మనవేనని తెలియజేయడానికే ఈ వ్యాసం.

ఆగిన అరగంటలో ఏమవుతుంది?

పితికిన పాలు పశువు ఒంటి వేడితోనే వస్తాయి. మొదటి రెండు మూడు గంటలు పాలలో సహజంగా వుండే రక్షణశక్తి సూక్ష్మజీవులను కొంతవరకు అదుపులో వుంచుతుంది. ఆ తరువాత ఎండాకాలపు వేడిలో అవి అరగంటకు ఒకసారి, ఒక్కొక్కప్పుడు అంతకన్నా త్వరగా రెట్టింపు అవుతాయి. పాలను 4 డిగ్రీల దాకా చల్లబరిస్తేనే ఈ పెరుగుదలకు అడ్డుకట్ట పడుతుంది. కేంద్రంలో క్యాను మూత తీయగానే వాసన చూస్తారు. అనుమానం వస్తే పరీక్ష గొట్టంలో కాచి చూస్తారు. విరిగితే ఆ క్యాను పక్కకు పోతుంది.

ఒక వ్యానులో 40 లీటర్ల క్యానులు 60 వున్నాయనుకుందాం. అంటే 2,400 లీటర్లు. లీటరుకు 40 రూపాయలు లెక్క వేసినా 96,000 రూపాయల సరుకు ఎండలో నిలబడి వున్నట్లు. ఈ సంగతి ఆపినవారికి కూడా తెలుసు. అందుకే ఇటుకల లారీ డ్రైవరు గంటసేపు వాదించగలడు గాని, పాల వ్యాను డ్రైవరు పది నిమిషాల్లో జేబులో చెయ్యి పెడతాడు.

మా దృష్టికి వచ్చిన ఒక రూటు సంగతి చెబుతాం. మే నెల సాయంత్రం వ్యానును ఆపారు. కాలుష్య పరీక్ష సర్టిఫికెట్టు గడువు దాటింది. మిగతా కాగితాలన్నీ సరిగానే వున్నాయి. 500 అడిగారు. డ్రైవరు దగ్గర 200 వున్నాయి. బతిమాలి బయటపడేసరికి నలభై నిమిషాలు గడిచాయి. కేంద్రంలో ఏడు క్యానులు విరిగినట్లు తేలింది. ఆ నష్టాన్ని రవాణా బిల్లులో కోశారు. దారిలో ఏం జరిగిందని డ్రైవరును ఎవరూ అడగలేదు. మరుసటి రోజు నుంచి ఆయన ఆర్.సి. కవరులో వంద నోటు మడిచి పెట్టుకోవడం మొదలుపెట్టాడు. తరువాత వ్యానును పెద్దగా ఆపలేదు, పాలూ విరగలేదు. అందరమూ సంతోషించాం. ఆ వంద ఎవరిదని మాత్రం ఎవరమూ అడగలేదు.

రోజుకు వంద అంటే సంవత్సరానికి 36,500 రూపాయలు. డ్రైవరు తన జీతంలో ఎన్నాళ్ళు భరిస్తాడు? యజమానికి చెబుతాడు. యజమాని తరువాతి టెండరులో కిలోమీటరు రేటు పెంచి రాస్తాడు. రవాణా ఖర్చు పెరిగితే సంఘం మిగులు తగ్గుతుంది. మిగులు తగ్గితే మన బోనసు తగ్గుతుంది. చీటీలో కనబడని కోత ఇది.

ఇది మన రూట్లకే పరిమితమైనది కాదు. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ అనే సంస్థ 2020లో దేశంలోని పది రవాణా కేంద్రాల్లో 1,200 మందికి పైగా లారీ డ్రైవర్లను విచారించి ఒక నివేదిక ప్రచురించింది. దాదాపు మూడింట రెండు వంతుల మంది రోడ్డు మీద పోలీసులకు లంచం ఇచ్చామని ఒప్పుకున్నారు.

ముందు మన ఇల్లు చక్కబెట్టుకుందాం

తప్పంతా ఎదుటివారిదే అనడం న్యాయం కాదు. తనిఖీ అవసరమే. కల్తీ పాలను, దొంగ పశువుల రవాణాను, తాగి నడిపే డ్రైవర్లను పట్టుకునేది ఆ తనిఖీలోనే. నిజాయితీగా చూసి పంపించే పోలీసులు చాలామంది వున్నారు. అయితే మన కాగితాల్లో లోపం వున్నంతకాలం మామూలు అడిగేవాడి పని సులువు అవుతుంది.

వ్యానులో వుండవలసినవి: డ్రైవింగ్ లైసెన్సు, ఆర్.సి., బీమా, ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు, కాలుష్య పరీక్ష సర్టిఫికెట్టు, పన్ను చెల్లించిన ఆధారం, అవసరమైన బండికి పర్మిట్టు. రవాణా వాహనానికి ఎనిమిదేళ్ళ వయసు వచ్చేదాకా ఫిట్‌నెస్ రెండేళ్ళకోసారి, ఆ తరువాత ప్రతి ఏడూ చేయించాలి. ఈ గడువు తేదీలను సంఘం గోడ మీద, పాల ధరల పట్టిక పక్కనే రాసి పెట్టండి.

బరువు సంగతి కూడా చూడాలి. 40 లీటర్ల నిండు క్యానులో పాలే 41 కిలోలు. క్యానుతో కలిపితే 50 కిలోల దగ్గరికి వస్తుంది. 60 క్యానులంటే ఇంచుమించు 3 టన్నులు. టన్నున్నర మోసే బండిలో వీటిని ఎక్కిస్తే అది అధిక బరువే. 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టంలో అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. అంతటి తప్పు చేతిలో పెట్టుకుని వంద ఇచ్చి తప్పించుకోవడాన్ని నిస్సహాయత అనలేం, అది బేరం. అలాగే క్యానుల మీద మనుషులను ఎక్కించుకోవడం కూడా మానాలి. సంతకు పోయే మనవాళ్ళే అయినా సరే.

చట్టం ఏమి చెబుతున్నది?

1988 మోటారు వాహనాల చట్టం 130వ సెక్షను ప్రకారం యూనిఫారంలో వున్న పోలీసు అధికారి అడిగితే డ్రైవరు లైసెన్సు చూపాలి. ఇది మన బాధ్యత. దానితోపాటు డ్రైవరు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని వున్నాయి.

ఒకటి: కాగితాలను ఫోనులో చూపవచ్చు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను 2018 నవంబరులో సవరించి, ఎలక్ట్రానిక్ రూపంలో చూపినా చెల్లుతుందని చేర్చారు. డిజిలాకర్, ఎం-పరివాహన్‌లలో వున్నవి చెల్లుతాయి. ఫోనులో తీసిన మామూలు ఫోటో మాత్రం దానికి సమానం కాదు.

రెండు: మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిట్టు అక్కరలేదు. ఇది 66వ సెక్షనులోనే వున్నది. మొత్తం బరువు అంటే బండి బరువు, సరుకు బరువు కలిపి ఆర్.సి.లో రాసిన బరువు. చిన్న ట్రాలీ బండ్లను పర్మిట్టు లేదని ఆపితే ఈ మాట వినయంగా చెప్పవచ్చు.

మూడు: బ్యాడ్జి ఏదని చాలామందిని అడుగుతుంటారు. తేలికపాటి వాహనం లైసెన్సు వున్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని వేరే అనుమతి లేకుండానే నడపవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మాటనే ఖాయం చేసింది.

నాలుగు: తాజా పాలకు జి.ఎస్.టి. లేదు. పన్ను మినహాయింపు జాబితాలో వున్నందున ఇ-వే బిల్లు కూడా అక్కరలేదు. నెయ్యి, వెన్న తీసుకువెళ్ళే బండ్ల సంగతి వేరు, వాటికి పన్ను బిల్లు వుండాలి.

అయిదు: తప్పు వుంటే జరిమానా కట్టవలసిందే. అయితే దానికి చలానా వుంటుంది. అక్కడికక్కడే రాజీ జరిమానా విధించే అధికారం రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులో పేర్కొన్న హోదా గలవారికే వుంటుంది. ఇ-చలానా సొమ్మును తరువాత కూడా కట్టవచ్చు, చేతికి నోటు ఇవ్వనక్కరలేదు. లైసెన్సు స్వాధీనం చేసుకుంటే 206వ సెక్షను ప్రకారం రసీదు ఇవ్వాలి.

రోడ్డు మీద ఎలా మెలగాలి?

చట్టం తెలుసునని డ్రైవరు గొంతు పెంచితే పాలే విరుగుతాయి. మేము డ్రైవర్లతో మాట్లాడి తెలుసుకున్న పద్ధతి ఇది.

బండి పక్కకు ఆపి దిగాలి. కాగితాలన్నీ ఒకే సంచిలో వుండాలి, కవరులో డబ్బు వుండకూడదు. "పాలు సార్, వేడెక్కుతాయి, త్వరగా చూడండి" అని చెప్పాలి. డబ్బు అడిగితే "రసీదు ఇప్పించండి సార్, సంఘంలో చూపకపోతే నా బిల్లులో కోస్తారు" అనాలి. ఇందులో ఎదురు తిరగడం లేదు. డబ్బు డ్రైవరుది కాదని, దీనికి లెక్క అడిగేవారు వెనక వున్నారని మాత్రం అర్థమవుతుంది. ఈ ఒక్క మాటతోనే చాలాసార్లు బండి కదులుతుందని అనుభవజ్ఞులు చెబుతున్నారు.

అప్పటికీ కదలకపోతే కార్యదర్శికి ఫోను చేయాలి. కార్యదర్శి ఏ వేళనైనా ఫోను తీయాలి, అధికారితో మర్యాదగా తానే మాట్లాడాలి. కేంద్రానికి కూడా కబురు పెడితే వారు ఆ వ్యాను పాలను ముందుగా దించుకుంటారు. ఆగిన చోటు, ఆగిన వేళ, కదిలిన వేళ, గుర్తుంటే పేరుపట్టీ మీది పేరు, ఇవన్నీ ట్రక్ షీటు వెనక రాయించాలి.

ఇవ్వక తప్పకపోతే?

ఇచ్చినవాడూ దోషే కదా అని డ్రైవర్లు భయపడతారు. ఇందులో కొంత నిజం వున్నది. అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. తీసుకున్న ఉద్యోగికి 3 నుంచి 7 సంవత్సరాల జైలు. ఇచ్చినవారికి కూడా 7 సంవత్సరాల దాకా పడవచ్చు. అయితే బలవంతం మీద ఇచ్చినవారు 7 రోజుల లోపల పోలీసుకు గాని దర్యాప్తు సంస్థకు గాని తెలియజేస్తే వారికి ఆ శిక్ష వర్తించదు. ఇవ్వకముందే చెప్పి, దర్యాప్తు సంస్థ సూచన మీద ఇచ్చినవారికి కూడా రక్షణ వున్నది. తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి తానే ఇచ్చినవారికి ఈ రక్షణ లేదు. కాబట్టి ఏడు రోజుల లెక్క ప్రతి కార్యదర్శీ గుర్తుంచుకోవాలి. డ్రైవరు దాచిపెడితే ఎనిమిదో రోజున ఆయనే ఇరుక్కుంటాడు.

నెలవారీ మామూలు అడుగుతూ వుంటే అవినీతి నిరోధక శాఖను ఆశ్రయించవచ్చు. తెలంగాణలో ఉచిత ఫోను 1064. ఆంధ్రప్రదేశ్‌లో ఆ శాఖ జిల్లా కార్యాలయానికి వెళ్ళి ఫిర్యాదు ఇవ్వవచ్చు. వారు నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూసి, మధ్యవర్తుల సమక్షంలో ఇప్పిస్తారు. పుచ్చుకున్న చేతిని సోడియం కార్బొనేటు నీటిలో ముంచితే నీరు గులాబీరంగుకు తిరుగుతుంది. అదే సాక్ష్యం.

సంఘం చేయవలసిన పని

అసలు చిక్కు ఇక్కడున్నది. ఫిర్యాదు చేసిన డ్రైవరు రేపు మళ్ళీ అదే దారిన పోవాలి, అదే మనిషి ఎదురుగా ఆగాలి. ఆయనకు ఎంత చట్టం చెప్పినా ఈ భయం పోదు. పోగొట్టగలిగింది సంఘమే. ఒక్కొక్కరం అమ్ముకుంటే దళారి చెప్పిన ధరకు తలవంచాం. కలిసి పోసినప్పుడు ధర మనం అడగగలిగాం. ఇక్కడా అదే దారి.

మొదట, ట్రక్ షీటులో నమోదైన ఆలస్యానికి డ్రైవరు బిల్లులో కోయరాదని పాలకవర్గం తీర్మానం చేయాలి. నిజం చెప్పినందుకు నష్టపోతే ఎవరూ చెప్పరు. దీన్ని ఆసరా చేసుకుని వేరే ఆలస్యాలను కూడా రాస్తారని కొందరి అనుమానం. ఫోను చేసిన వేళతో సరిచూసుకుంటే ఆ చిక్కు తీరుతుంది.

రెండోది, ఒక రూటులోని సంఘాలన్నీ నెలకోసారి ఈ నమోదులను ఒకచోట చేర్చాలి. ఏ చోట, ఏ వేళ, ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు అన్న పట్టిక తయారవుతుంది. దానిని సంఘాల అధ్యక్షుల సంతకాలతో జిల్లా ఎస్.పి. గారికి ఇవ్వాలి. చాలా జిల్లాల్లో సోమవారం అర్జీలు తీసుకుంటారు. అందులో డ్రైవరు పేరు వుండనక్కరలేదు. ఒక డ్రైవరు చెబితే అది ఆరోపణగానే మిగిలిపోతుంది. ఇరవై సంఘాలు తేదీలతో సహా రాసిస్తే పై అధికారి దాన్ని పక్కన పెట్టలేడు.

మూడోది, పాల వ్యాన్ల వేళలు, నంబర్లు ముందుగానే స్టేషనుకు రాసిచ్చి, పాలు చెడిపోయే సరుకు కనుక తనిఖీ త్వరగా ముగించవలసిందిగా కోరాలి. మంచి అధికారులకు ఈ ఉత్తరం ఉపయోగపడుతుంది. మిగతావారికి లెక్క చూసేవాళ్ళున్నారని తెలుస్తుంది.

ఈ వ్యాసాన్ని వచ్చే సంఘ సమావేశంలో చదివి వినిపించవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాం. ఆ రోజు రూటు డ్రైవరును కూడా పిలవండి. కుర్చీ వేసి కూర్చోబెట్టి, "దారిలో ఎక్కడ ఆగుతున్నావు నాయనా?" అని అడగండి. ఇన్నాళ్ళుగా ఆయనను ఎవరూ అడగని ప్రశ్న అది.