బండి చక్రము చెప్పు కోణము

నాగార్జునసాగరమునకు పోవు దారిలోని పెద్దవూర ప్రాంతమున ఎడ్లబండ్లు తగ్గినవి గాని, బండి చక్రము నెరుగని విద్యార్థి యుండడు. ఆ చక్రపు నడిమినుండి అంచు వరకు ఎంత దూరమో అంత పొడవు తాడు త్రుంచి, అంచుమీదుగా వంచి పరచవలెను. తాటి రెండు కొనలనుండి నడిమికి గీతలు గీసినచో, వాని నడుమ ఏర్పడు కోణమే రేడియన్. చక్రము పెద్దదైన తాడును పెద్దదగును గనుక కోణము మారదు.

అట్టి తాళ్ళు అంచు చుట్టును ఆరు పట్టి, ఇంకొక తాటిలో నాలుగవ వంతుకు మించిన చోటు మిగులును. లెక్కకు 6.2832, అనగా రెండు 'పై'లు. సగము చుట్టు 'పై' రేడియన్లు, 180 డిగ్రీలు.

తరగతులలో చిక్కు ఇచ్చటనే పుట్టుచున్నది. 'పై' అనగా 180 అని వల్లించు విద్యార్థులు కలరు. వృత్త వైశాల్యమునకు ఒక విలువ, కోణములకు వేరొక విలువ 'పై'కి లేవు. ఎచ్చటనైనను అది 3.1416కు చేరువైన సంఖ్యయే. రేడియన్లు అను మాటను మ్రింగివేయుట వలన వచ్చిన తిప్పలివి. పన్నెండు అంగుళములు ఒక అడుగు అన్నంతమాత్రమున పన్నెండు ఒకటి యగునా?

ఇది తెలిసిన పిమ్మట మార్పిడి సులభము. డిగ్రీలను 180చే భాగించి 'పై'చే గుణించవలెను. 60 డిగ్రీలు 'పై'లో మూడవ వంతు, అనగా 1.047 రేడియన్లు. తిరుగుదారిలో ఒక రేడియన్ 57 డిగ్రీల 17 నిమిషముల 45 సెకండ్లు. మానము మరచిన కాలిక్యులేటరు కూడ మోసగించును: రేడియన్ల గుర్తుపై నుంచి 30కి సైన్ అడిగిన, సగమునకు బదులు మైనస్ 0.988 అనును. యంత్రము తప్పు లేదు. ముప్పది తాళ్ళ దూరము దొర్లిన చక్రము నాలుగు చుట్లు ముగించి, ఐదవదానిలో ముప్పాతిక దాటి నిలిచినది!

ఇంత శ్రమ యెందుకనువారికి సాగరమే సమాధానము. అచ్చటి రాతి ఆనకట్ట పొడవు 1,450 మీటర్లు. పది కిలోమీటర్ల దూరమునుండి ఎదురుగా చూచువాని కంటికి అది 0.145 రేడియన్ల వెడల్పు. పొడవును దూరముచే భాగించిన చాలును. డిగ్రీలలో ఎనిమిదికి పైచిలుకు. కాని ఆ సంఖ్య భాగహారముతో నేరుగా రాదు.

రేడియన్ అను పేరు 1873లో బెల్‌ఫాస్టులో జేమ్స్ థామ్సన్ ఇచ్చిన పరీక్షాపత్రమున అచ్చయినది. భావము మాత్రము మనకు క్రొత్త కాదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయమున చుట్టుకొలత 21,600 కళలు, వ్యాసార్ధము 3,438 కళలు. ఈ వింత సంఖ్య ఎచ్చటిది? 21,600ను రెండు 'పై'లచే భాగించి చూడవచ్చును. ఒక రేడియనులో ఉన్న కళలు అన్నియే! చాపమును కొలిచిన కొలతతోనే ఆర్యభటుడు వ్యాసార్ధమును గూడ కొలిచెను. అందువలననే ఆయన జ్యాపట్టికలో మొదటి మెట్టున, 225 కళల చాపమునకు జ్యా కూడ 225 కళలే.