బల్ల మీద లేని పిక్కలు

పులి-మేక ఆడటానికి మా వీధిలో ఎవరూ బల్ల కొనలేదు. అరుగు మీద సుద్దముక్కతో గీసుకుంటే చాలు. కాశీబుగ్గలో జీడిపిక్కలకు కరువు లేదు గనక మూడు జీడిపిక్కలు పులులు, పదిహేను చింతపిక్కలు మేకలు. పులి దూకి మేకను తింటుంది. మేకలు నలుదిక్కులా దారి మూసి పులిని కట్టేస్తాయి. ఇద్దరి బలమూ ఒకటి కాదు, ఎత్తులూ ఒకటి కాదు. ఇద్దరికీ సరిసమానంగా సైన్యాన్ని పంచే చదరంగం కన్నా ఈ ఆటే లోకానికి దగ్గరగా ఉంటుందని నా నమ్మకం.

ఇలాగే ఇద్దరు ఆడే ఆట ఒకటి కోర్టు విచారణ మీద ఉంది. పేరు ‘హై ట్రీజన్: ది ట్రయల్ ఆఫ్ లూయీ రియెల్’. రూపొందించినవాడు అలెక్స్ బెరీ. విక్టరీ పాయింట్ గేమ్స్ 2016లో తెచ్చింది. ఒకరు ప్రాసిక్యూషన్, ఇంకొకరు డిఫెన్స్.

రియెల్ కెనడాలో మేటీల నాయకుడు. మేటీలంటే అక్కడి ఆదివాసులూ యూరప్ నుంచి వచ్చినవాళ్లూ కలిసి ఏర్పడ్డ జాతి. తరతరాలుగా సాగు చేసుకుంటున్న భూమి మీద హక్కు తేల్చకుండానే సర్వే గొలుసులు వచ్చిపడ్డాయి. 1885లో తిరగబడ్డారు. బటోష్ దగ్గర ఓడిపోయాక మే 15న రియెల్ లొంగిపోయాడు. రెజీనా పట్నంలో జులైలో విచారణ, ఆగస్టు 1న తీర్పు, నవంబరు 16న ఉరి. అతని మీద ప్రయోగించినది ఇంగ్లండులో 1351లో చేసిన రాజద్రోహ చట్టం.

ఆట మొదలయ్యేది సాక్షులతో కాదు, జ్యూరీ ఎంపికతో. ఒక్కో జ్యూరర్‌కి మూడు గుర్తులుంటాయి: మతం, మాట్లాడే భాష, చేసే పని. మొదట అవన్నీ మూతేసి ఉంటాయి. చేతిలోని కార్డులు ఖర్చుపెట్టి కొన్నిటిని చాటుగా చూసుకోవచ్చు. చూసిన దాన్నిబట్టి ఎవరిని ఉంచాలో ఎవరిని పంపెయ్యాలో తేల్చుకుంటారు. చివరికి ఆరుగురు మిగులుతారు. ఆ తర్వాత వాదనలు. రైతుల మనసు ఎటు మొగ్గింది, కాథలిక్కుల మనసు ఎటు మొగ్గింది అని లెక్క కట్టడానికి బల్ల మీద గీతలున్నాయి. నేరం ఎంతవరకు రుజువైందో ఒక గీత చెబుతుంది, ముద్దాయి మతిస్థిమితం సంగతి ఇంకొకటి. మంచి కార్డుల్ని కొన్ని ఇప్పుడే వాడెయ్యకుండా చివరి వాదన కోసం పక్కన పెట్టుకోవాలి. అదే కష్టం. ఇప్పుడు ఆపితే సాక్ష్యం బలహీనపడుతుంది, ఇప్పుడే వాడితే ఆఖర్న చెప్పడానికి ఏమీ మిగలదు. వకీళ్లు రోజూ పడే బాధే ఇది.

కోర్టులో గుమస్తాగా పనిచేసి రిటైరైన మా బావకి ఇదంతా ఓపిగ్గా చెప్పాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, జ్యూరీ బొమ్మల్ని ఒక్కొక్కటే తిప్పి చూసి, ‘మరి జడ్జీగారేటి చేస్తారు?’ అన్నారు. జడ్జి ఆడడు అని చెప్పాను. ‘అలాగైతే ఇది మన కోర్టు కాదురా’ అన్నారు.

నిజమే. మన దగ్గర 1959 నాటి నానావతి కేసు తర్వాత జ్యూరీలు వెనకపట్టు పట్టాయి. 1973 నేర విచారణ స్మృతిలో వాటికి చోటే లేదు. ఆ మాటకొస్తే రెజీనాలో కూడా ఈ ఆటలో ఉన్నంత అవకాశం డిఫెన్స్‌కి దక్కలేదు. ఆటలో ఫ్రెంచి మాట్లాడే కాథలిక్కు రైతు జ్యూరీలోకి రావచ్చు. రెజీనాలో కూర్చున్న ఆరుగురూ ఇంగ్లీషు మాట్లాడే ప్రొటెస్టెంట్లు. వాళ్లు సైతం నేరస్థుడని తేల్చి, దయ చూపమని కోరారు. ఎవరూ చూపలేదు.

ఇంకో సంగతి నన్ను వదలదు. రియెల్ లాయర్లు అతనికి మతి చలించిందని వాదించి ప్రాణం కాపాడాలనుకున్నారు. అతను నిండు కోర్టులో లేచి, తన మతి బాగానే ఉందని చెప్పుకున్నాడు. పిచ్చివాడినని ఒప్పుకుంటే తన జనం అడిగిన భూమి కూడా పిచ్చిమాట అవుతుందని అతనికి తెలుసు. మన వైపు కేసుల్లో వకీలు నాగభూషణ్ పట్నాయక్ ఉరిశిక్ష పడ్డాక కూడా క్షమాభిక్ష అడగనన్నారు. ఈ ఇద్దరి మధ్యా నాకు ఖండాల దూరం కనిపించదు.

మన కేసంటే శ్రీకాకుళం నక్సలైటు ఉద్యమం మీద పెట్టిన పార్వతీపురం కుట్ర కేసు. వందమందికి పైగా ముద్దాయిలు. ప్రభుత్వం మీద యుద్ధానికి కుట్ర పన్నారన్నది అభియోగం. ఆ 121-ఏ సెక్షన్‌ని బ్రిటిషువాళ్లు 1870లో శిక్షాస్మృతిలో చేర్చారు. 1976లో తీర్పు వచ్చింది. నక్సల్బరీ నుంచి వచ్చిన కానూ సన్యాల్ కూడా శిక్ష పడినవాళ్లలో ఉన్నారు.

దీన్ని ఆటగా చెయ్యొచ్చా అని చాలాసార్లు ఆలోచించాను. చెయ్యొచ్చు గానీ బల్ల పరిచేసరికే సగం పిక్కలు ఉండవు. కాశీబుగ్గకి కూతవేటు దూరంలో ఉన్న బొడ్డపాడు సంగతే తీసుకోండి. పంచాది కృష్ణమూర్తి 1969 మే 27న, మరో ఆరుగురితో కలిసి పోలీసుల చేతిలో చనిపోయాడు. అదే ఏడాది డిసెంబరులో ఆయన భార్య నిర్మల, గుడిలో పూజారిగా ఉంటూ జముకుల కథ చెప్పిన సుబ్బారావు పాణిగ్రాహి. 1970 జులై 10న ఉద్యమ నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం. కేసులో ప్రధానంగా ఎవరి పేర్లు వినిపించాలో వాళ్లెవరూ బోను ఎక్కలేదు. వాళ్ల తరఫున సాక్షికి అడ్డుప్రశ్నలు వేసే కార్డు ఏ వకీలు చేతిలోనూ లేదు. విచారణ జరగని మనిషి నేరస్థుడో కాదో ఏ బల్లా తేల్చదు. వాళ్లు నడిచిన దారి ఒప్పా తప్పా అన్న తగువు మా ఊళ్లల్లో ఇంకా సాగుతూనే ఉంది, సాగాలి కూడా. అయితే కోర్టులో నిలబడే హక్కు ఆ తగువుకి ముందే ఉండాల్సింది.

అందుకే ఈ ఆట పార్వతీపురం కేసుతో మొదలుపెడితే అబద్ధమవుతుంది. దానికి ముందు ఇంకో విచారణ జరిగింది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం సభ. దానికి వెళ్తున్నవాళ్లని లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు తుపాకీ దెబ్బకు ప్రాణాలు వదిలారు. ఆ హత్య కేసులో ముద్దాయిల్ని 1968లో కోర్టు విడిచిపెట్టింది. అదే ఏడాది నవంబరులో ఉద్దానం వైపు గరుడభద్రలో జనం భూస్వామి పొలం మీద పడి పంట కోసుకుపోయారు. అక్కడినుంచి కథ తుపాకుల్లోకి వెళ్లింది.

బావకి ఈ మాట చెప్పాను. రెండు విచారణలు, ఒకే బల్ల. మొదటిదాని తీర్పునిబట్టే రెండోదాంట్లో ఎన్ని పిక్కలు మిగులుతాయో తేలాలి. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అరుగు మీది సుద్దముక్క తీసుకుని, త్రికోణం గియ్యకుండా పొడుగ్గా ఒక గీత గీశారు.

‘ఇది మొండెంఖల్లు రోడ్డు’ అని, దాని మీద రెండు చింతపిక్కలు పెట్టారు.