క్రమబద్ధమైన నగదు సహాయం – పేద కుటుంబ జీవనం

సామాజిక భద్రతా పింఛను ప్రభావాన్ని రెండు కోణాల నుంచి పరిశీలించాలి: ఎంత అందుతోంది, ఎంత క్రమంగా అందుతోంది.

ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 జనవరిలో రూ.3,000కు, అదే ఏడాది జూలైలో ఎన్టీఆర్ భరోసా కింద రూ.4,000కు పెరిగింది. ఇందిరాగాంధీ జాతీయ వృద్ధాప్య పింఛను పథకం కింద 60–79 ఏళ్ల వారికి కేంద్రం ఇచ్చేది నెలకు రూ.200 మాత్రమే.

కోనసీమలో కూలి కుటుంబాల ఆదాయం వరి ఊడ్పులు, కోతలు, కొబ్బరి దింపు, వలుపు పనులపై ఆధారపడి ఉంటుంది. గోదావరికి వరద వస్తే లంక గ్రామాల్లో పనులు ఆగిపోతాయి; ఇంటి ఖర్చులు ఆగవు. ఆ లోటును అప్పు పూడుస్తుంది.

అటువంటి ఇంట్లో భర్తను కోల్పోయిన ఒక వృద్ధురాలికి నెల మొదట్లో పింఛను అందుతుందనుకుందాం. వచ్చే తేదీ ముందే తెలుసు కాబట్టి కిరాణా కొట్టువాడు అరువిస్తాడు. బీపీ మాత్రలు మధ్యలో ఆగవు. వడ్డీ అప్పు అవసరం తగ్గుతుంది. చిల్లర ఖర్చుకూ కొడుకును అడిగిన ఆమె మనవరాలికి నోటుపుస్తకాలు కొనివ్వగలుగుతుంది. ఇంట్లో ఆమె మాటకు విలువ పెరుగుతుంది.

అయితే పింఛను ఉపాధికి ప్రత్యామ్నాయం కాదు. ఆమె మరణిస్తే ఆ ఆదాయమూ ఆగిపోతుంది. కాబట్టి పింఛను పేదరికపు తీవ్రతను తగ్గిస్తుంది. దాని మూలాన్ని తొలగించడానికి ఏడాది పొడవునా పని, చదువు కావాలి.