మనసు వినడానికి డాక్టరే కావాలా?

మానసిక చికిత్సను నిపుణుల గది నుంచి ఊరి ఆరోగ్య కేంద్రానికి తెచ్చిన వైద్యుడు విక్రమ్ పటేల్

నిద్ర పట్టడం లేదు. ఒళ్లంతా నొప్పులు. ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు. ఇలాంటి బాధలు చెప్పుకుంటూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చేవారికి తరచుగా దక్కేది విటమిన్ బిళ్లలో, నిద్రమాత్రలో. ఆ నొప్పుల వెనక ఉన్న దిగులును కదిపి చూసే తీరిక అక్కడి డాక్టరుకు ఉండదు. అది చికిత్సతో తగ్గే జబ్బని రోగికి తెలియదు. 2015-16లో నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. డిప్రెషన్ వంటి సాధారణ రుగ్మతలున్న వారిలో 80 శాతానికి పైగా చికిత్సకు దూరంగానే ఉండిపోయారు. లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టయినా లేని దేశంలో ఇది వింతేమీ కాదు.

ఈ లెక్కను మరోలా చూసిన వ్యక్తి డాక్టర్ విక్రమ్ పటేల్. ముంబైలో పుట్టి, అక్కడే వైద్యవిద్య చదివి, రోడ్స్ స్కాలర్‌గా ఆక్స్‌ఫర్డ్ వెళ్లి, లండన్‌లో సైకియాట్రీలో శిక్షణ పొందారు. అలాంటి బయోడేటా ఉన్నవారు సాధారణంగా అక్కడే స్థిరపడతారు. పటేల్ మాత్రం 1990లలో జింబాబ్వే దారి పట్టారు. డిప్రెషన్ అనేది పాశ్చాత్యులు కనిపెట్టిన జబ్బేమో, ఆఫ్రికాలో అది ఉండదేమో అన్న అనుమానంతో వెళ్లిన ఆయనకు అక్కడ తెలిసింది వేరు. జబ్బు ఉంది, పేరే వేరు. షోనా భాషలో దాన్ని ‘కుఫుంగిసిసా’ అంటారు. అతిగా ఆలోచించడమని అర్థం. ఆ దేశంలో అప్పుడున్న సైకియాట్రిస్టులు డజను మంది. వారిలోనూ ఎక్కువమంది రాజధాని హరారేలోనే.

ఆ అనుభవమే ఆయన పద్ధతికి పునాది. 1996లో సహచరులతో కలిసి గోవాలో ‘సంగత్’ సంస్థను స్థాపించారు. 2003లో సామాన్య ఆరోగ్య కార్యకర్తల కోసం ‘వేర్ దేర్ ఈజ్ నో సైకియాట్రిస్ట్’ అనే కరదీపిక వెలువరించారు.

అసలు పరీక్ష ‘మానస్’ ప్రయోగం. గోవాలోని 24 ప్రభుత్వ, ప్రైవేటు వైద్య కేంద్రాల్లో 2,700 మందికి పైగా రోగులతో ఇది సాగింది. కౌన్సెలర్లు స్థానిక మహిళలు. డిగ్రీ చదివినా వైద్యంతో సంబంధం లేనివారు. వారికిచ్చిన శిక్షణ రెండు నెలలు. 2010లో ‘లాన్సెట్’లో వచ్చిన ఫలితాల ప్రకారం ప్రభుత్వ కేంద్రాల్లో ఆరు నెలల తర్వాత కోలుకున్నవారు దాదాపు 66 శాతం. కౌన్సెలర్లు లేని చోట 42 శాతమే. ప్రైవేటు క్లినిక్కుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. అక్కడ కౌన్సెలర్ ఉన్నా లేకున్నా రోగులు బాగానే కోలుకున్నారు. డాక్టరే కాస్త సమయమిచ్చి మాట్లాడటం అందుకు ఒక కారణం కావచ్చు.

తర్వాతి ప్రయోగంలో చికిత్సను మరింత క్లుప్తం చేశారు. ఆరు నుంచి ఎనిమిది సిటింగులు, ఒక్కోటి 30-40 నిమిషాలు. ఆరోగ్య కేంద్రంలో లేదా రోగి ఇంట్లోనే. బాల్యాన్ని తవ్వడం, పెద్ద పెద్ద పేర్లు పెట్టడం ఉండవు. దిగులు పడ్డ మనిషి ఒక్కో పనీ మానేస్తాడు, మానేసే కొద్దీ దిగులు పెరుగుతుంది. ఆ ముడిని విప్పడమే కౌన్సెలర్ పని. ఈ వారం బజారుకు వెళ్లడం, వచ్చే వారం చెల్లెలితో మాట్లాడటం వంటి చిన్న పనులను రోగితో కలిసి నిర్ణయిస్తారు. కౌన్సెలర్లు ఒకరి సంభాషణల రికార్డింగులు మరొకరు విని మార్కులు వేస్తారు. 2017లో ప్రచురితమైన ఫలితాల్లో మూడు నెలలకే 64 శాతం మందిలో డిప్రెషన్ తగ్గుముఖం పట్టింది. మామూలు వైద్యం పొందినవారిలో అది 39 శాతం.

అభ్యంతరాలూ ఉన్నాయి. కొద్దివారాల శిక్షణతో మనసుల బాధ్యత అప్పగించవచ్చా అన్నది ఒకటి. పేదరికం తెచ్చిన బాధకు జబ్బు ముద్ర వేస్తున్నారన్నది ఇంకొకటి. తీవ్రమైన రుగ్మతలకు నిపుణులే కావాలని, వారి సమయం అలాంటి రోగులకే దక్కాలంటే తేలికపాటి కేసులు కౌన్సెలర్లు చూడాలన్నది పటేల్ వర్గం వాదన.

హార్వర్డ్ ఆచార్యుడిగా ఎదిగిన ఆయన పద్ధతిని మధ్యప్రదేశ్‌లో ఆశా కార్యకర్తలకు స్మార్ట్‌ఫోన్ పాఠాల ద్వారా నేర్పే ప్రయత్నం జరిగింది. పశ్చిమ గోదావరి పల్లెల్లోనూ మరో పరిశోధక బృందం ఆశాల ద్వారా డిప్రెషన్‌ను గుర్తించే ప్రయోగం చేసింది. 2022లో కేంద్రం ప్రారంభించిన టెలి-మానస్ 14416 నంబరుకు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఇక తేలాల్సింది ఒకటే. టీకాలు, కాన్పులు, సర్వేలతో ఇప్పటికే తలమునకలైన ఆశాకు ఈ పనీ అప్పగిస్తే, దానికి తగ్గ జీతం, సమయం ఎవరిస్తారు?